పాత టెలిస్కోప్ గోటూ గురి తప్పుతుంటే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

పదిహేను, ఇరవై ఏళ్ల నాటి గోటూ టెలిస్కోప్ (పేరు ఎంచుకుంటే మోటార్లతో తనంతట తానే అటు తిరిగేది) ఒకటి మీ దగ్గరుంది. ఎవరో వాడి పక్కన పడేసిందో, మీరే కొని అటక మీద పెట్టి మరచిపోయిందో. చాన్నాళ్లకు బయటికి తీసి, స్విచ్ వేసి, అలైన్‌మెంట్ చేశారు, అంటే తెలిసిన నక్షత్రాలకు గురిపెట్టి ఆకాశం ఎటుందో దానికి చెప్పారు. తెర మీద "అలైన్‌మెంట్ సక్సెస్" అని కూడా వచ్చింది. తీరా స్వాతి నక్షత్రం చూపించమంటే ట్యూబు గిర్రున తిరిగి గోడకేసి చూస్తూ ఆగింది. చాలామంది ఇక్కడే బోర్డు పోయిందని తీర్మానించి దాన్ని మూలకు నెట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇలాంటి వాటిలో బోర్డు నిజంగా చెడిపోయినవి నేను చూసినంతలో తక్కువ. తేదీ, టైము, చోటు, దిక్కు, కరెంటు, వీటిలో ఏదో ఒకటి తేడా కొట్టినవే ఎక్కువ. అది ఏదో పట్టుకోవాలంటే గురి ఎలా తప్పుతోందో ముందు చూడాలి.

ఏదీ మార్చకుండా, తప్పుతున్న తీరు రాసుకోండి

సెట్టింగులు కెలకడానికి ముందే ఒక కాగితం తీసుకోండి. మూడు నాలుగు ప్రకాశవంతమైన నక్షత్రాలకు టెలిస్కోపును పంపండి. అడిగిన నక్షత్రానికి అది ఎంత దూరంలో, ఏ వైపు ఆగిందో రాయండి. కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి బారుగా చాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు సుమారు 1 డిగ్రీ.

ఈ కాగితమే సగం రోగం చెప్పేస్తుంది. అలైన్‌మెంట్ మొదలుపెట్టగానే ఇంకా ఉదయించని నక్షత్రాన్ని ఎంచుకోమంటోందా? తేదీనో రేఖాంశమో తప్పు. మొదటి నక్షత్రం కోసం 15 డిగ్రీలు పక్కకు వెళ్లి ఆగిందా? గంట తేడా ఉంది, ఎందుకంటే భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అలైన్ చేసిన రెండు నక్షత్రాల దగ్గర బాగానే ఉండి, దూరం పోయేకొద్దీ తప్పు పెరుగుతోందా? ఒక నక్షత్రాన్ని ఇంకోటి అనుకుని అలైన్ చేశారు, లేదా మధ్యలో ట్రైపాడ్ కదిలింది. ఒకే నక్షత్రానికి తూర్పు నుంచి వస్తే ఒకచోట, పడమర నుంచి వస్తే ఇంకోచోట ఆగుతోందా? గేర్లలో లూజు ఉంది.

వీటన్నిటికంటే నాకు ఎక్కువగా పనికొచ్చిన గుర్తు ఇంకోటుంది. నక్షత్రాలన్నీ చక్కగా ఐపీస్‌లోకి (కన్ను పెట్టి చూసే కటకంలోకి) వస్తున్నాయి, చంద్రుడు మాత్రం రావట్లేదు. అలాగైతే తేదీ గానీ టైము గానీ తప్పు. కారణం ఇదీ. రెండు నక్షత్రాల అలైన్‌మెంట్ అంటే ఆకాశపు పటాన్ని రెండు మేకులకు తగిలించడం లాంటిది. టైము తప్పైతే పటం మొత్తం ధ్రువం చుట్టూ ఒకే తీరున తిరిగి ఉంటుంది, అంతే. ఆ రెండు నక్షత్రాల మీద సరిగ్గా గురి పెట్టి చూపిస్తే ఆ తిరుగుడు సర్దుకుపోతుంది, మిగతా నక్షత్రాలూ కుదురుతాయి. చంద్రుడు, గ్రహాలు పటంలో ఒకచోట నిలవవు కదా. వాటిని తేదీని బట్టి లెక్క కట్టాలి. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు జరుగుతాడు, అంటే గంటకు తన వెడల్పంత. టైము గంట తప్పితే చంద్రుడు అర డిగ్రీ తప్పుతాడు, తేదీ ఒక రోజు తప్పితే పిడికిలి కంటే ఎక్కువే తప్పుతాడు.

కరెంటు సంగతి ముందు తేల్చండి

పాత కంట్రోలర్లు (టెలిస్కోప్‌ను నడిపే చేతి కంప్యూటర్లు) వోల్టేజీ పడిపోతే ఎర్రర్ చూపించి ఆగుతాయని అనుకోకండి. కొన్ని నోరు మెదపకుండా తప్పు చేస్తాయి. మోటారు వేగంగా తిరిగేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజీ కిందికి పడుతుంది, ఎంత తిరిగిందనే లెక్క తప్పుతుంది. సెలెస్ట్రాన్ కంపెనీ నెక్స్‌స్టార్ రకాల్లో "నో రెస్పాన్స్ 16" లేదా "17" అని వస్తే మోటారు బోర్డు నుంచి జవాబు రావట్లేదని అర్థం. మీడ్ కంపెనీ ఆటోస్టార్ రకాల్లో "మోటార్ యూనిట్ ఫాల్ట్" అని వస్తుంది. ఆ మాట చూడగానే గుండె జారిపోతుంది గానీ, ముందు అనుమానించాల్సింది బ్యాటరీని, వైర్లని.

ఎనిమిది పెన్సిల్ సెల్స్‌తో నడిచే మోడల్ అయితే లెక్క వేసి చూడండి. మామూలు సెల్స్ ఎనిమిది కలిపితే 12 వోల్టులు. రీచార్జబుల్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి ఎనిమిది కలిపినా 9.6 దగ్గరే ఆగుతుంది. ఇంత తేడా మీద గురి పెట్టుకోలేం. 12 వోల్టుల బ్యాటరీయో మంచి అడాప్టరో వాడండి. ప్లగ్గులో లోపలి పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది టెలిస్కోప్ మీద గుర్తు చూసి సరిపోల్చాకే పెట్టండి. తిరగేసి పెడితే బోర్డు నిజంగానే పోతుంది. మల్టీమీటర్ ఉంటే మోటార్లు ఫుల్ స్పీడులో తిరుగుతుండగా కొలవండి. ఊరికే ఉన్నప్పుడు 12 చూపించి, తిరిగేటప్పుడు 11 కిందికి జారుతుంటే బ్యాటరీ అలసిపోయింది, లేదా వైరు సన్నం.

తర్వాత హ్యాండ్ కంట్రోలర్ వైరు. దాని ప్లగ్గు పాత ల్యాండ్‌లైన్ ఫోను ప్లగ్గులా ఉంటుంది. లోపలి రాగి గీతలు ఏళ్ల తరబడి గాలికి నల్లబడతాయి. పవర్ పూర్తిగా ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక పెట్టండి. పవర్ ఉండగా ఈ వైరు పీకడం, పెట్టడం చెయ్యొద్దు.

తేదీ, టైము, చోటు

అసలు గొడవంతా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

కంట్రోలర్‌లో గడియారం కోసం చిన్న బటన్ సెల్ ఉందేమో ముందు తెలుసుకోండి. చాలా వాటిలో సీఆర్2032 అనే 3 వోల్టుల సెల్ ఉంటుంది. పదేళ్లు దాటితే అది అయిపోయిందనే అనుకోండి. మార్చేముందు పాత సెట్టింగులన్నీ రాసుకోండి, సెల్ తీయగానే పోవచ్చు. కొన్ని మోడళ్లలో అసలు గడియారమే ఉండదు. వాటికి ప్రతి రాత్రీ టైము కొత్తగా చెప్పాల్సిందే, అది లోపం కాదు.

తేదీ. వీటిలో చాలా భాగం అమెరికా అలవాటు ప్రకారం నెల ముందు, రోజు తర్వాత అడుగుతాయి. ఆగస్టు 5 అనుకుని మీరు 05/08 కొడితే దానికి అది మే 8. రోజు 12 లోపు ఉన్నంతకాలం కంట్రోలర్ అభ్యంతరం చెప్పదు. 13 నుంచి మాత్రం తీసుకోదు. నెలలో రెండో సగం బాగా పనిచేసి మొదటి సగం మొరాయించే టెలిస్కోప్ మీదైతే కారణం ఇదే కావచ్చు.

టైమ్ జోన్. డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం) ఆప్షన్ పాత ఓనరు ఆన్‌లో వదిలేసి ఉండొచ్చు. మీ దగ్గర అది లేకపోతే "స్టాండర్డ్ టైమ్" ఉండాలి. అరగంట తేడా ఉన్న జోన్లను తీసుకోని పాత కంట్రోలర్లు కూడా ఉన్నాయి. దీనికి నేను వాడే ఉపాయం సులభం. జోన్ సున్నా పెట్టండి, డేలైట్ సేవింగ్ ఆపండి, టైము దగ్గర నేరుగా యూనివర్సల్ టైమ్ (గ్రీనిచ్ టైము) కొట్టండి. తేదీ కూడా యూనివర్సల్ టైమ్ ప్రకారం ఉండాలి. మీ దగ్గర అర్ధరాత్రి దాటినా గ్రీనిచ్‌లో ఇంకా ముందు రోజే కావచ్చు, ఆ ఒక్క విషయంలో జాగ్రత్త.

రేఖాంశం. ఈ టెలిస్కోపుల్లో చాలావాటికి మొదటి నుంచీ "వెస్ట్" అని పెట్టి ఉంటుంది. తూర్పున ఉన్నవాళ్లు "ఈస్ట్" అని మార్చకపోతే కంట్రోలర్ మిమ్మల్ని భూమికి అవతలి పక్కన నిలబెడుతుంది. 1990ల నాటి మీడ్ ఎల్ఎక్స్200 క్లాసిక్‌లో ఇంకో మెలిక ఉంది. అది రేఖాంశాన్ని గ్రీనిచ్ నుంచి పడమరగా 0 నుంచి 360 వరకు లెక్కపెడుతుంది. తూర్పు 80 డిగ్రీలు అంటే దానికి 280 అని చెప్పాలి. జోన్ గుర్తు కూడా అందులో తిరగబడుతుంది. గ్రీనిచ్ టైముకి చేరడానికి ఎన్ని గంటలు కలపాలి అని అడుగుతుంది కాబట్టి తూర్పున ఉన్నవాళ్లకు అది మైనస్.

ఫోనులోని మ్యాప్ చూసి అక్షాంశ రేఖాంశాలు ఎక్కించేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. మ్యాప్ 17.5 అని చూపిస్తుంది, కంట్రోలర్ డిగ్రీలు, నిమిషాలు అడుగుతుంది. అది 17 డిగ్రీల 30 నిమిషాలు. చుక్క తర్వాతి భాగాన్ని, అంటే ఇక్కడ 0.5ను, 60తో గుణించాలి.

జీపీఎస్ ఉన్న పాత మోడల్ అయితే

"నాది జీపీఎస్, తేదీ దానంతట అదే తీసుకుంటుంది" అన్న ధీమా ఇప్పుడు పనికిరాదు. జీపీఎస్ సిగ్నల్‌లో వారం సంఖ్యకు 10 బిట్లే కేటాయించారు. అంటే 1024 వారాలు నిండగానే లెక్క మళ్లీ సున్నాకి వస్తుంది. ఇలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి జరిగింది. కొన్ని పాత రిసీవర్లు ఈ మలుపు దాటలేక 1024 వారాలు, అంటే 7168 రోజులు, వెనక్కి వెళ్లిపోతాయి. అలాంటిదాంట్లో 2025 జనవరి 1 వస్తే తెర మీద 2005 మే 18 అని కనబడుతుంది. వారం మాత్రం సరిపోతుంది, రెండూ బుధవారాలే. టైము కూడా సెకన్లతో సహా సరిగ్గా ఉంటుంది. అందుకే మనకు అనుమానం రాదు. ఏడాదిలో ఏడున్నర నెలల తేడా పడినందువల్ల ఆకాశం మాత్రం 225 డిగ్రీలు తిరిగిపోతుంది.

నా పాత టెలిస్కోప్ ఇలాగే చేసింది. మార్చి నెల రాత్రి అది అభిజిత్తును చూపిస్తానని ట్యూబు పైకెత్తింది. అభిజిత్తు ఇంకా దిగంతం కిందే ఉంది. వారం పాటు గేర్లు, వైర్లు, ఎన్‌కోడర్లు (ఎంత తిరిగిందో లెక్కపెట్టే భాగాలు) అన్నీ విప్పి చూశాను. చివరికి తేదీ చూపించే మెనూలోకి వెళ్తే ఇరవై ఏళ్ల కిందటి సంవత్సరం కనబడింది. మీరు ఆ మెనూ మొదటి రోజే తెరవండి.

మందు సులభం. మెనూలో జీపీఎస్‌ను ఆఫ్ చేసి తేదీ, టైము చేత్తో కొట్టండి. ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ దొరికే మోడలైతే తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

పగలు చేసుకోవాల్సిన పని

ఫైండర్‌ను (ట్యూబు మీదుండే చిన్న గురి సాధనాన్ని) పగలే సరిచేయండి. ఒక కిలోమీటరు అవతల కదలని వస్తువు, టవర్ కొసలాంటిది, ఐపీస్ మధ్యలోకి తెచ్చి ఫైండర్ గుర్తును దాని మీదికి తిప్పండి. సూర్యుడు ఉన్న వైపు ట్యూబు పొరపాటున కూడా తిప్పకండి, క్షణంలో కన్ను పోతుంది. అదే వెలుతురులో క్లచ్‌లు (ట్యూబు జారకుండా పట్టి ఉంచే బిగింపులు) బిగించి ట్యూబును చేత్తో మెల్లగా ఆడించి చూడండి. జారుతుంటే లోపల కంప్యూటర్ ఎంత బాగున్నా లాభం లేదు. ట్రైపాడ్ కాళ్ల బోల్టులు కూడా బిగించండి, మెత్తటి నేల మీద పెట్టకండి.

ఉత్తరం చూపించమని అడిగే మోడళ్లకు కంపాస్‌ను నమ్మకండి. అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి తేడా ఉంటుంది, పైగా ట్రైపాడ్ ఇనుము, మోటార్లు సూదిని లాగుతాయి. ధ్రువ నక్షత్రం కనబడితే అదే మేలు. ఉత్తర ధ్రువానికి అది డిగ్రీ కంటే తక్కువ దూరంలోనే ఉంటుంది.

అలైన్‌మెంట్ చేసేటప్పుడు

కంట్రోలర్ గ్రీకు, లాటిన్, అరబ్బీ పేర్లు చెబుతుంది. ఆర్క్టరస్ అంటే స్వాతి, స్పైకా అంటే చిత్త, వేగా అంటే అభిజిత్తు, ఆల్టెయిర్ శ్రవణం, అంటారెస్ జ్యేష్ఠ, రెగ్యులస్ మఖ, ఆల్డెబరాన్ రోహిణి, బెటెల్‌గ్యూస్ ఆర్ద్ర. ఇవి కంటికి తెలిసి ఉంటే సగం పొరపాట్లు జరగవు. పునర్వసు దగ్గర మాత్రం జాగ్రత్త. కాస్టర్, పొలక్స్ రెండూ నాలుగున్నర డిగ్రీల దూరంలోనే ఉంటాయి. ఒకటి అడిగితే ఇంకోటి చూపించడం చాలా తేలిక. పొలక్స్ కాస్త ఎక్కువ ప్రకాశంగా, కొంచెం నారింజ రంగులో ఉంటుంది. గురుగ్రహాన్ని నక్షత్రం అనుకుని అలైన్ చేసేవాళ్లూ తక్కువేం కాదు.

రెండు నక్షత్రాల మధ్య దూరం సుమారు 60 డిగ్రీలైనా, వీలైతే 90కి దగ్గరగా ఉండేలా చూడండి. స్వాతి, చిత్త మధ్య 33 డిగ్రీలే. స్వాతి, అభిజిత్తు అయితే 59, ఆ జత మేలు. దిగంతానికి దగ్గరున్నవి వద్దు, అక్కడ గాలి వెలుగును వంచేస్తుంది. పైకీ పక్కకీ తిరిగే ఆల్ట్-అజిమత్ మౌంట్‌కు (ట్యూబును మోసి తిప్పే పీఠానికి) సరిగ్గా నడినెత్తిన ఉన్నవి కూడా వద్దు, అక్కడ ట్యూబు కొంచెం కదలాలన్నా మౌంట్ చాలా తిరగాలి.

ఇప్పుడు గురి. తక్కువ పవర్ ఐపీస్‌తో నక్షత్రాన్ని పట్టుకుని, 10 లేదా 12 ఎంఎం ఐపీస్‌కు మారండి. తర్వాత ఫోకస్‌ను కావాలనే చెడగొట్టండి. నక్షత్రం గారెలా వెడల్పవుతుంది. ఆ గుండ్రం చుట్టూ మిగిలిన నల్లటి అంచు అన్ని వైపులా సమానంగా ఉందంటే నక్షత్రం నట్టనడుమ ఉన్నట్టే. చిన్న చుక్కను అంచనాగా మధ్యన పెట్టడం కంటే ఇది ఎంతో కచ్చితం. గీతల ఐపీస్ కొననక్కర్లేదు.

ఆఖరి కదలిక ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రావాలి. సెలెస్ట్రాన్‌లో పైకి, కుడికి బటన్లతో ముగించడం ఆనవాయితీ. నక్షత్రం మధ్య దాటిపోయిందా, వెనక్కి కొంచెం నొక్కి ఆపేయకండి. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ పైకి, కుడికి తెచ్చి ఆపండి. గేరు పళ్లు ఒక వైపు ఆనుకుని ఉన్నప్పుడే కంప్యూటర్ లెక్కకు, ట్యూబు ఉన్న చోటుకు పొంతన కుదురుతుంది.

అయ్యాక, అలైన్‌మెంట్‌లో వాడని మూడో నక్షత్రానికి పంపండి. తక్కువ పవర్ ఐపీస్‌లో కనబడితే బాగా వచ్చినట్టే. ఆ తర్వాత చంద్రుడు ఉంటే చంద్రుడికి పంపండి. రెండూ కుదిరితే తేదీ, టైము, గురి అన్నీ సరే.

గేర్లు, మోటార్లు

ఇంతా చేసినా ఒకే వస్తువుకు వేరే వైపుల నుంచి వస్తే తేడా చూపిస్తోందా? మీడ్ ఆటోస్టార్ మోడళ్లలో "క్యాలిబ్రేట్ మోటార్", తర్వాత "ట్రెయిన్ డ్రైవ్" చెయ్యండి. ట్రెయిన్ డ్రైవ్‌ను పగలు దూరంగా ఉన్న టవర్ కొస మీద చేస్తే తొందర లేకుండా కుదురుతుంది. సెలెస్ట్రాన్‌లో "యాంటీ బ్యాక్‌లాష్" (గేర్ల లూజును సర్దే సెట్టింగు) విలువను కొద్దికొద్దిగా పెంచి చూడండి. బటన్ నొక్కగానే ట్యూబు ఎగిరిపడితే ఎక్కువైందని అర్థం, తగ్గించండి. చలిరాత్రుల్లో మాత్రమే మోటారు మూలుగుతుంటే పాత గ్రీజు గట్టిపడింది. అది విప్పి, తుడిచి, కొత్తది పట్టించాల్సిన పని. చేతి నైపుణ్యం లేకపోతే మానండి.

కంప్యూటర్‌కు కలిపితే కొత్తగా వచ్చే తప్పు

లాప్‌టాప్ నుంచి స్టెల్లేరియం లాంటి సాఫ్ట్‌వేర్‌తో నడిపిస్తే అన్నీ ఒకే వైపు కొంచెం తప్పుతున్నాయా? అయనచలనం (భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం) వల్ల ఆకాశపు గీతలు ఏటా 50 ఆర్క్ సెకన్లు జరుగుతాయి (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ మినిట్, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). కేటలాగులు 2000 సంవత్సరం నాటి స్థానాలు ఇస్తాయి, పాత మౌంట్ ఈనాటి స్థానాలు అడుగుతుంది. 25 ఏళ్లకు ఆ తేడా 21 ఆర్క్ మినిట్లు. 8 అంగుళాల ఎఫ్10 (ఫోకల్ దూరం వ్యాసానికి పది రెట్లు) టెలిస్కోప్‌లో 25 ఎంఎం మామూలు ఐపీస్ పెడితే మధ్య నుంచి అంచుకు 18 ఆర్క్ మినిట్లే. అంటే అడిగిన వస్తువు ఐపీస్ అంచుకు కాస్త బయటే ఉండిపోతుంది. స్టెల్లేరియంలోని టెలిస్కోప్ కంట్రోల్‌లో "జె2000" (2000 నాటి స్థానాలు), "జెనౌ" (ఈనాటి స్థానాలు) అని రెండు ఎంపికలు ఉంటాయి. ఒకటి పెట్టి తప్పితే రెండోది పెట్టి చూడండి.

వైరు విషయంలో ఒక్క హెచ్చరిక. పాత కంట్రోలర్ల పోర్టు ఆర్ఎస్-232 అనే పాత సీరియల్ రకం. ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులకు వాడే 3.3 వోల్టుల యూఎస్‌బీ వైర్లు దీనికి తగిలించకండి. సరైన యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ తీసుకుని, వేగం 9600 పెట్టండి. ప్లగ్గులోని వైర్ల వరుస కంపెనీని బట్టి మారుతుంది, మీ మోడల్ మాన్యువల్లోని బొమ్మ చూశాకే కలపండి. ఫర్మ్‌వేర్ మార్చాలన్నా ఇదే దారి. అప్పుడు మాత్రం బ్యాటరీ నిండుగా ఉండాలి, మధ్యలో వైరు కదలకూడదు.

అన్నీ కుదిరిన రాత్రే, మరచిపోకముందే, మీ అక్షాంశం, రేఖాంశం, టైమ్ జోన్, తేదీ రాసే వరుస, జీపీఎస్ ఆఫ్‌లో ఉందన్న సంగతి, బటన్ సెల్ మార్చిన నెల ఒక చీటీ మీద రాసి ట్రైపాడ్ కాలికి అంటించండి. పైన పారదర్శకమైన టేపు వెయ్యండి, మంచుకు సిరా చెదరకుండా ఉంటుంది.